తుమ్మల మైదానం నుంచి తుంగ మడుగుల దాకా కిరీటపు కొంగల దారిలో

ఉగాండా జెండా మధ్యలో తెల్లటి వలయంలో ఒక కాలు ఎత్తి నిలబడ్డ పక్షి ఉంటుంది. 1962 అక్టోబర్ 9న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఎగిరిన జెండా అది. జెండాలోని నలుపు, పసుపు, ఎరుపు మూడూ ఆ పక్షి ఒంటి మీద కూడా కనిపిస్తాయి. గ్రే క్రౌన్డ్ క్రేన్ అంటారు. శాస్త్రనామం బలియరికా రెగ్యులోరమ్. లుగాండా భాషలో ఎన్‌గాలి, రువాండాలో ఉముసాంబి. ఇక్కడ కిరీటపు కొంగ అందాం.

ఆ మాట వాడుతున్నా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పొడుగు కాళ్ళ పక్షి ఏది కనిపించినా మనం కొంగ అనేస్తాం. పొలం గట్ల మీది తెల్లకొంగ మెడ ముడుచుకుని ఎగురుతుంది. క్రేన్ జాతి పక్షులు మెడ ముందుకూ కాళ్ళు వెనక్కూ బారుగా చాచి ఎగురుతాయి. పాత నిఘంటువుల్లో కనిపించే బెగ్గురు, ఉత్తరాదిన పొలాల్లో తిరిగే సారసం ఈ కుటుంబానివే.

ఇది సవన్నా పక్షి, అంటే చెట్లు పలచగా ఉండే గడ్డి మైదానపు పక్షి అని పుస్తకాల్లో రాసి ఉంటుంది. అందులో సగమే నిజం. తిండి ఎండు గడ్డి మైదానంలో, గూడు చిత్తడి నేలలో, రాత్రి నిద్ర చెట్టు మీద. ఈ మూడూ ఒక్క ఎగురుకు అందే దూరంలో ఉన్నచోటే కిరీటపు కొంగ బతుకుతుంది. వాటిలో ఒకటి పోయినా మిగతా రెండూ ఉన్నాయన్న మాటే గానీ దానికి పనికి రావు. మైదానాన్నే చూసి వచ్చేస్తే ఈ పక్షి అర్థం కాదు. అందుకే ఈ ఎనిమిది రోజుల దారి నైరుతి ఉగాండాలోని తుమ్మల మైదానంలో మొదలై, కొండల మధ్య పాపిరస్ అనే ఎత్తు తుంగ పెరిగే లోయల్లోకి దిగి, రువాండా దాకా వెళ్తుంది.

వెళ్ళడానికి జూన్ నుంచి ఆగస్టు దాకా మంచి కాలం, లేదంటే డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి. అక్కడ రెండు వానకాలాలు: మార్చి నుంచి మే, సెప్టెంబర్ నుంచి నవంబర్. వానల్లో మట్టిదారులు జారిపోతాయి, గడ్డి నడుమెత్తు పెరిగి పక్షి తల మాత్రమే పైకి కనిపిస్తుంది.

బయలుదేరే ముందు పనులు మూడు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, విశాఖలో పోర్ట్ హెల్త్ కార్యాలయంలో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. పసుపు పచ్చ కార్డును పాస్‌పోర్టుతో కలిపి ఉంచండి. అది లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెడతారు. రెండోది వీసా. ఉగాండా, రువాండా, కెన్యా మూడింటికీ కలిపి ఇచ్చే తూర్పు ఆఫ్రికా టూరిస్ట్ వీసా 100 డాలర్లు, 90 రోజులు. మొదట ఏ దేశంలో దిగుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఇక్కడ తప్పు చేసి రెండు వీసాలకు డబ్బు కట్టేవాళ్ళు ఎక్కువ. మూడోది సామాను: 8x42 బైనాక్యులర్, ఖాకీ లేదా బూడిద రంగు బట్టలు, మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు. ముదురు నీలం, నలుపు వద్దు, ఆ రంగులకు కుట్టి నెత్తురు పీల్చే సెట్సీ ఈగలు వచ్చి ముసురుతాయి. అనుమతి లేని డ్రోన్ ఇంట్లోనే ఉండనివ్వండి.

మొదటి రోజు, ఎంటెబ్బే

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు దుబాయ్‌లోనో దోహాలోనో అడిస్ అబాబాలోనో విమానం మారాలి. ముంబై నుంచి ఉగాండా ఎయిర్‌లైన్స్ 2023లో నేరుగా సర్వీసు మొదలుపెట్టింది. దిగిన రోజు విక్టోరియా సరస్సు ఒడ్డున ఎంటెబ్బే బొటానికల్ గార్డెన్‌లో గడిపితే చాలు. అడవిలోకి వెళ్ళాక దూరం అంచనా తప్పుతుంది కాబట్టి ఒక అభ్యాసం ఇక్కడే చేయండి: ఒక చెట్టును గుర్తుపెట్టుకుని వంద మీటర్లు, రెండు వందల మీటర్లు అడుగులతో కొలిచి, అంత దూరంలో ఉన్న మనిషి బైనాక్యులర్‌లో ఎంత కనిపిస్తాడో చూసి పెట్టుకోండి. ఈ కొలత అయిదో రోజున కావాలి.

రెండో రోజు, మసాకా రోడ్డు

కంపాలా రద్దీ తప్పాలంటే ఎంటెబ్బే నుంచి ఉదయం ఆరుకే కదలాలి. కయాబ్వే దగ్గర రోడ్డు భూమధ్యరేఖను దాటుతుంది, అక్కడ తెల్లటి వలయాలు కట్టారు. ఫోటో తీసుకుని ముందుకు సాగండి. ఆకలేస్తే దారి పక్కన రోలెక్స్ అడగండి, అంటే చపాతీలో ఆమ్లెట్ చుట్టి ఇచ్చేది. గుడ్డు తినని వాళ్ళకు ఉడికించిన అరటికాయ ముద్ద మటోకే, దానిలోకి వేరుశనగ పులుసు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాయి.

మసాకా దాటాక ల్వెంగో జిల్లాలో రోడ్డుకు రెండు వైపులా మొక్కజొన్న, బీన్స్, వేరుశనగ చేలు, వాటి మధ్య పల్లంలో పాపిరస్. మొదటి కిరీటపు కొంగ ఇక్కడే కనబడే అవకాశం ఎక్కువ. అది అడవిలో కాదు, చేలోనే ఉంటుంది. కోత కోసిన చేలో రాలిన గింజ ఏరుకున్నంతసేపూ రైతుకు అభ్యంతరం లేదు. విత్తనం వేసిన వారంలో మొలకలు పీకితే మాత్రం తగువు మొదలవుతుంది. పక్షులకు విషం పెట్టే సంఘటనల వెనుక చాలాసార్లు ఉండేది ఈ కొద్ది రోజుల కోపమే. ఒక్క పిల్లవాడిని చేలో కాపలా పెట్టి అదిలిస్తే పక్షి పక్క చేలోకి పోతుంది. ఆ వారం గడిస్తే మొలక వేరు పట్టేస్తుంది, పీకినా రాదు.

కరెంటు తీగలను ఇక్కడే గమనించండి. మూడున్నర కిలోల బరువు, రెండు మీటర్ల రెక్కల వెడల్పు ఉన్న పక్షి గాలిలో చటుక్కున మలుపు తీసుకోలేదు. పైగా క్రేన్లకు కళ్ళు తలకు పక్కలకు ఉంటాయి. దిగే చోటు వెతుక్కుంటూ తల కిందికి వంచినప్పుడు ఎదురుగా ఉన్నది కనిపించదు. చిత్తడికీ చేనుకీ మధ్య అడ్డంగా వేసిన లైను, పొద్దున మంచులో, సాయంత్రం మసకలో, వీటి పాలిట ఉచ్చు. తీగల మీద గాలికి ఊగే గుర్తులు బిగిస్తే ప్రమాదం తగ్గుతుంది.

రాత్రి బస లియాంటొండెలో పెట్టుకోవచ్చు. తర్వాతి మజిలీ లేక్ మ్బురో జాతీయ పార్కు. దాని అనుమతి 24 గంటల లెక్కన ఇస్తారు. మర్నాడు మధ్యాహ్నం రెండుకు లోపలికి వెళ్తే ఆ సాయంత్రం, మరుసటి ఉదయం, రెండూ ఒకే టికెట్టులో వస్తాయి. ఉదయాన్నే గేటు దాటితే రెండు రోజులకు కట్టాలి.

మూడో రోజు, లేక్ మ్బురో

పార్కు 1983లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 370 చదరపు కిలోమీటర్లు. మసాకా నుంచి మ్బరారా వెళ్ళే రోడ్డు మీంచి లోపలికి రెండు దారులున్నాయి: ఎన్షారా గేటు, ఇంకా ముందుకు వెళ్తే సంగా గేటు. కొంగల కోసమైతే సంగా దారి మంచిది. గేటుకు చేరే ముందే అంకోలే ఆవుల మేత బీళ్ళు వస్తాయి. బారెడు కొమ్ముల ఆవులు గడ్డి మేస్తూ నడుస్తుంటే వాటి కాళ్ళ ముందు మిడతలు లేస్తాయి. కొంగలు ఆ మంద పక్కనే నడుస్తాయి.

ఇక్కడ బండి ఇంజను ఆపి ఒక పక్షి మీదే పది నిమిషాలు చూపు నిలపండి. అది ఒక అడుగు వేసి, అదే కాలితో నేలను టపటపా తొక్కుతుంది. గడ్డి కదులుతుంది, మిడతో కప్పపిల్లో ఉలిక్కిపడి ఎగురుతుంది, మెడ ఒక్కసారి కిందికి దూకి పైకి వస్తుంది. ముక్కు పొట్టిది. బురదలోకి లోతుగా గుచ్చడానికి పనికిరాదు, గడ్డి వెన్ను పట్టి గింజలు దూయడానికి సరిగ్గా సరిపోతుంది. అందుకే గడ్డి మరీ ఎత్తుగా ఉన్నా, నేల కనిపించేలా మేసేసి ఉన్నా కొంగలు నిలవవు. మోకాలి లోపు ఎత్తున, వెన్ను వేసిన గడ్డి వీటికి కావాలి. పశువులను ఓ మోస్తరుగా మేపిన బీడు ఈ పక్షికి అచ్చంగా అమరుతుంది.

దగ్గరగా చూసినప్పుడు ఒళ్ళు ఈ వరుసలో గమనించండి. తల వెనుక గట్టి బంగారు రంగు ఈకల కుచ్చు, ఎండ వెనక నుంచి పడితే వెలిగించిన చిచ్చుబుడ్డిలా ఉంటుంది. నుదురు నల్లటి మఖమలు. చెంప తెల్లగా, దాని పై అంచున ఎర్రటి మచ్చ. గొంతు కింద ఎర్రటి తిత్తి. కన్ను లేత నీలం. మెడ, ఒళ్ళు బూడిద రంగు. రెక్క మూసి ఉన్నప్పుడు తెలుపు, బంగారం, ముదురు గోధుమ రంగు పొరలుగా కనిపిస్తాయి. ఎగిరినప్పుడు రెక్క పైన పెద్ద తెల్లటి పలక, అంచున నలుపు. అర కిలోమీటరు దూరం నుంచైనా ఆ తెల్ల పలకతో గుర్తుపట్టవచ్చు. ఆడ, మగ చూడటానికి ఒకేలా ఉంటాయి, మగది కొంచెం పెద్దది. పిల్ల పక్షి ఒళ్ళు గోధుమ బూడిద, కుచ్చు పొట్టిగా ముళ్ళలా ఉంటుంది, కన్ను గోధుమ రంగు. లెక్క రాసుకునేటప్పుడు పెద్దవెన్ని, పిల్లవెన్ని అని విడిగా రాయకపోతే ఆ లెక్కకు విలువ లేదు. గుంపు ఎంత పెద్దదైనా పిల్లలు లేకపోతే అక్కడ గూళ్ళు చెడుతున్నాయని అర్థం.

దీని దగ్గరి చుట్టం నల్ల కిరీటపు కొంగ. సహారాకు దిగువన సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉండే పొడి మేఖలలో, కెన్యా ఉత్తరాన టుర్కానా సరస్సు దాకా ఉంటుంది. దాని మెడ నల్లగా ఉంటుంది, చెంప మీద ఎరుపు కింది భాగంలో వస్తుంది. మ్బురోలో చూసేది అది కాదు.

సాయంత్రం అయిదున్నరకల్లా సరస్సు ఒడ్డున చోటు చూసుకోవాలి. ప్రపంచంలోని పదిహేను క్రేన్ జాతుల్లో చెట్టెక్కి నిద్రపోయేవి కిరీటపు కొంగలు రెండే. మిగతా జాతులకు వెనక వేలు పొట్టిగా, పైకి ఉంటుంది, కొమ్మను పట్టుకోలేవు. వీటికి ఆ వేలు పొడుగ్గా ఉండి కొమ్మ చుట్టూ బిగుస్తుంది. మొదట ఒక జంట మొండికొమ్మ మీద వాలుతుంది, తర్వాత అరుస్తూ మిగతావి వస్తాయి. ఆ అరుపు రెండు మెట్లలో, వేణువులో గాలి తప్పినట్టు ఉంటుంది. సారసం కూతలా మైళ్ళ దూరం మోగదు. సారసం శ్వాసనాళం రొమ్ము ఎముకలో చుట్టలు చుట్టుకుని ఉంటుంది, దీనిది తిన్నగా ఉంటుంది. గొంతు తిత్తిలో గాలి నింపి చేసే లోతైన గుమగుమ వేరే ఉంది, తోడుని పిలిచేటప్పుడు వినవచ్చు.

నాలుగో రోజు, మ్బురోలోనే

ఏడింటికి రేంజర్ వెంట కాలినడక. ఇక్కడ స్థిరంగా ఉండే సింహాలు, ఏనుగులు లేవు కాబట్టే నడకకు ఒప్పుకుంటారు. అడవి దున్నలు, నీటి ఒడ్డున హిప్పోలు ఉంటాయి. హిప్పో రాత్రంతా మేసి తెల్లవారాక నీటికి తిరిగి వస్తుంది. దానికీ నీటికీ మధ్య నిలబడటమంత ప్రమాదం ఇంకొకటి లేదు. గడ్డిలో రెండు చాళ్ళుగా అరిగిన బాట కనిపిస్తే అది హిప్పో దారి. రేంజర్ చెప్పేదాకా ఆ బాటలో అడుగు పెట్టకండి.

ఈ నడకలో పక్షులకన్నా నేలను ఎక్కువగా చూడాలి. పార్కులో చాలాచోట్ల ఒకప్పటి గడ్డి మైదానం పొట్టి తుమ్మ పొదలతో కమ్ముకుపోయింది. స్థానికంగా పెరిగే అకేసియా హాకీ అనే తుమ్మే. ఏనుగులు పోయాక పొదను విరిచేవాళ్ళు లేరు. నిప్పు తగ్గింది. పశువులు గడ్డిని మేసేయడంతో నిప్పుకు అందే ఎండు గడ్డీ తగ్గింది. పొద మొలిచి మూడడుగులు దాటితే ఇంక చిన్న మంటకు చావదు. పొదలు దగ్గర పడితే కొంగ దిగదు. ఎగరడానికి పరుగు తీసేంత ఖాళీ, నక్కో చిరుతో వస్తే ముందుగా కనబడేంత చూపు దానికి కావాలి. 2015లో మర్చిసన్ ఫాల్స్ నుంచి 15 జిరాఫీలను ఇక్కడికి తేవడానికి తుమ్మను మేస్తాయన్న ఆశ కూడా ఒక కారణం. పొదలను నరికించే పని కూడా నడుస్తోంది. నరికితే మొదలు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి, వేరుతో పెరికితేనే ఫలితం ఉంటుంది. మనిషి చేయి వేయకుండా వదిలేస్తే ప్రకృతి బాగుంటుందని చాలామంది నమ్మకం. ఈ పక్షి విషయంలో అది సరికాదు.

పొద్దెక్కాక, పదకొండు నుంచి మూడు దాకా, ఎండ సెగకు దూరపు పక్షులు అద్దంలో నీడల్లా వణుకుతాయి, లెక్క తప్పుతుంది. ఆ సమయంలో బయలుదేరి మ్బరారా మీదుగా కబాలే చేరుకోవాలి. సుమారు రెండు వందల కిలోమీటర్లు, కొండ మలుపులు ఎక్కువ. చీకటి పడకముందే చేరేలా చూసుకోండి. కబాలేలో రాత్రి చలి బాగా ఉంటుంది, స్వెట్టర్ పై సంచిలో ఉండాలి.

అయిదో రోజు, రుకిగా లోయలు

ఇక్కడితో మైదానం అయిపోయింది. నిటారు కొండలు, వాటి మీద పలకలు పలకలుగా చేలు, రెండు కొండల మధ్య అడుగున సన్నటి పచ్చటి చార. ఆ చార పాపిరస్ చిత్తడి. పాపిరస్ మన తుంగ జాతిదే, కాకపోతే మనిషికి రెండింతలకు మించిన ఎత్తు. రుషెబెయా–కన్యబాహా చిత్తడి ఈ ప్రాంతంలో పెద్దది. ఎన్నో లోయల్లో పాపిరస్ కోసి, కాలవ తవ్వి, నీళ్ళు పోనిచ్చి బంగాళాదుంప, క్యాబేజీ, పాడి ఆవులకు గడ్డి వేశారు. మిగిలిన ముక్కల్లో కొంగలు గూడు పెడతాయి.

గూడు ఎలా ఉంటుందంటే: చిత్తడి అంచున, పాపిరస్ మరీ దట్టంగా లేని చోట, తుంగ, రెల్లు మీటరు ఎత్తున ఉన్న చోట పక్షులు చుట్టూ ఉన్న గడ్డిని తొక్కి, విరిచి, గుండ్రటి మెత్త చేస్తాయి. నీళ్ళు మడమ నుంచి మోకాలి దాకా ఉండాలి. అంతకన్నా తక్కువైతే కుక్కలు, పిల్లలు నడిచి వస్తారు. ఎక్కువైతే ఒక్క వానకు గూడు మునుగుతుంది. గుడ్లు సాధారణంగా రెండు నుంచి మూడు, ఒక్కోసారి నాలుగు. క్రేన్లలో ఇంత పెద్ద కాన్పు ఇంకే జాతికీ లేదు. పొదగడం 28 నుంచి 31 రోజులు, ఆడా మగా వంతులవారీగా కూర్చుంటాయి. పిల్లలు పుట్టిన మర్నాటికల్లా గూడు దిగి పెద్దవాటి వెంట నడుస్తాయి, ఎగరడానికి రెండు నుంచి మూడు నెలలు, ఒక్కోసారి ఇంకొంచెం పడుతుంది. ఎగరలేని ఆ మూడు నెలలే గండం. మనిషి పరుగెత్తి చేత్తో పట్టుకోగలడు.

గూడున్న లోయను చూసే పద్ధతి ఒకటే. కిందికి దిగకూడదు. ఎదుటి కొండ వాలు మీద బాట పక్కన కూర్చుని, కనీసం రెండు వందల మీటర్ల నుంచి చూడాలి. మొదటి రోజు కొలిచిన దూరం ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. పక్షి మేత ఆపి మెడ నిటారుగా నిలిపితే అది మిమ్మల్ని చూసినట్టు, అక్కడే ఆగాలి. రెక్కలు సగం విప్పి, దెబ్బ తగిలినట్టు కుంటుతూ పక్కకు నడిస్తే మీరు ఇప్పటికే చాలా దగ్గరికి వచ్చారు, గూడో పిల్లో పక్కనే ఉంది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. పక్షి లేచిపోయిన గూట్లో గుడ్లు ఎండకు వేడెక్కుతాయి, కాకులు వాలతాయి. అంతకన్నా పెద్ద చేటు ఇంకొకటుంది: మీరు తొక్కిన గడ్డి బాట గుడ్లు ఎత్తుకుపోయేవాళ్ళకు దారి చూపిస్తుంది. గూటి ఫోటో వద్దు. తీసిన ఇతర ఫోటోల్లోనూ లొకేషన్ తీసేసి గానీ ఎక్కడా పెట్టవద్దు.

గుడ్లూ పిల్లలూ ఎవరికి కావాలి? కొన్ని పెంపుడు పక్షుల వ్యాపారానికి వెళ్తాయి. కొన్ని నాటు మందులకు. ఈ జంట ఏళ్ళ తరబడి విడిపోదు కాబట్టి దీని ఈక, గుడ్డు ఇంట్లో ఉంటే మొగుడూ పెళ్ళాం విడిపోరన్న నమ్మకం ఈ ప్రాంతంలో ఉంది. ఆ నమ్మకం ఒక జంట సంతానాన్ని తీసుకుపోతుంది.

ఇంటర్నేషనల్ క్రేన్ ఫౌండేషన్, ఎండేంజర్డ్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్, నేచర్ ఉగాండా కలిసి ఈ లోయల్లో ఊరివాళ్ళనే కాపలాదారులుగా నిలిపాయి. ఎవరి చేను పక్కన గూడుందో వాళ్ళే దాని బాధ్యత తీసుకుంటారు. గుడ్లు పెట్టిన రోజు, పొదిగిన రోజు, పిల్లలు ఎగిరిన రోజు రాసి ఉంచుతారు. ఈ ఊళ్ళకు వెళ్తే గైడు రుసుము ఆ కాపలాదారుకే నేరుగా అందేలా ముందే మాట్లాడుకోండి. చిత్తడి ఉండటం వల్ల ఇంటికి ఒక రూపాయి వస్తే, దాన్ని క్యాబేజీ మడిగా మార్చాలన్న ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది.

ఆరో రోజు, కటునా దాటి కిగాలి

కబాలే నుంచి కటునా సరిహద్దు అరగంట. అవతలి పేరు గటునా. 2019లో మూతపడి, 2022 జనవరి 31న తిరిగి తెరుచుకుంది. దాటగానే రెండు మారతాయి: బండి ఎడమ నుంచి కుడి వైపుకు, గడియారం ఒక గంట వెనక్కి. ప్లాస్టిక్ కవర్లను రువాండా 2008లోనే నిషేధించింది, సామానులో ఉంటే తీసేయమంటారు, గుడ్డ సంచులు వాడండి.

మధ్యాహ్నం రాజధాని కిగాలి తూర్పు అంచున, రుసోరొరోలోని ఉముసాంబి విలేజ్‌కి వెళ్ళాలి. 21 హెక్టార్ల చిత్తడిని బాగుచేసి, ఎగరలేని కొంగలకు ఇల్లు చేశారు. ఇంత దగ్గరగా, కంచె అడ్డం లేకుండా ఈ పక్షి ఇంకెక్కడా కనిపించదు. ఆ దగ్గరితనానికి కారణం తెలుసుకుని చూడండి.

రువాండాలో ఇళ్ళ ముందు, హోటళ్ళ పచ్చికలో కిరీటపు కొంగను నిలబెట్టుకోవడం ఒకప్పుడు హోదా. ఎగిరిపోకుండా రెక్క మీద చేసే పని రెండు రకాలు. పెద్ద ఈకలు కత్తిరిస్తే నష్టం తాత్కాలికం, ఈక రాలి కొత్తది వచ్చేదాకా ఆగితే పక్షి మళ్ళీ ఎగురుతుంది. రెక్క చివరి ఎముకనే కోసేస్తే ఆ చోట ఇంక ఈక మొలవదు. అలాంటి పక్షి రెక్కలు విప్పినప్పుడు ఒక వైపు తెల్ల పలక అంచున నల్లటి ఈకలు బారుగా ఉంటాయి, రెండో వైపు మొండిగా ఆగిపోతుంది. ఆ రెక్కతోనే అది నాట్యం చేస్తుంది. తల వంచి, గడ్డిపోచ పైకి విసిరి, పక్కకు పరుగు తీసి, ఎగిరి దూకుతుంది. దూకిన ప్రతిసారీ మొండి వైపుకు ఒరిగి దిగుతుంది.

పశువైద్యుడు ఒలివియే ఎన్సెంగిమానా నెలకొల్పిన రువాండా వైల్డ్‌లైఫ్ కన్సర్వేషన్ అసోసియేషన్, ప్రభుత్వంతో కలిసి, దేశంలో ఇళ్ళల్లో ఉన్న కొంగలన్నింటినీ నమోదు చేయించింది. అప్పగించినవాళ్ళకు శిక్ష లేదని ముందే చెప్పడం వల్ల జనం ముందుకొచ్చారు. శిక్ష వేస్తారని భయపెట్టి ఉంటే పక్షులను రాత్రికి రాత్రి మాయం చేసేవాళ్ళు. రోగ పరీక్షలు చేసి, ఈకలు తిరిగి వచ్చినవాటిని అకగేరా పార్కులో విడిచారు. ఎముక పోయినవి ఇక్కడ మిగిలాయి. ఏటా చేసే దేశవ్యాప్త గణనలో 2017లో 487 కొంగలు ఉంటే, 2021లో 881 తేలాయి. 1985లో ఆఫ్రికా మొత్తం మీద లక్షకు పైగా ఉన్న పక్షి, తర్వాతి రెండు దశాబ్దాల్లో దాదాపు సగానికి పడిపోయి, 2012లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) వారి అంతరించే ముప్పున్న జాతుల జాబితాలోకి ఎక్కింది. ఆ తరుగుదల మధ్య రువాండాలో లెక్క పెరగడం ఎంత పెద్ద విషయమో ఈ పక్షిని ఎరిగినవాళ్ళకు తెలుసు.

ఏడో రోజు, రుగెజి

కిగాలి నుంచి ముసాంజే రోడ్డులో బాసే దగ్గర కుడికి తిరగాలి. సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైన, కొండల మధ్య విశాలమైన చిత్తడి రుగెజి. ఇక్కడి నీళ్ళు బురేరా సరస్సులోకి, అక్కడి నుంచి ఎన్టరుకా విద్యుత్ కేంద్రం మీదుగా రుహొండో సరస్సులోకి దిగుతాయి. చిత్తడిని సాగు కోసం ఎండగట్టడం, వానలు తగ్గడం, కేంద్రం నిర్వహణ లోపాలు కలిసి 2003–04 నాటికి బురేరా మట్టం పడిపోయి, కిగాలిలో కరెంటు కోతలు వచ్చాయి. అప్పుడు ప్రభుత్వం చిత్తడిలో సాగు ఆపించింది. నీరు నిలిచింది, గూళ్ళూ తిరిగి వచ్చాయి.

ఇక్కడ నేల అనిపించేది చాలాచోట్ల నేల కాదు, నీటి మీద తేలే వేళ్ళ చాప. అడుగు వేస్తే ఒళ్ళంతా ఊగుతుంది, పలచన చోట కాలు నడుము దాకా దిగబడుతుంది. పడవవాడు ఎక్కడ దిగమంటే అక్కడే దిగండి. పొద్దున తొమ్మిది దాకా మంచు విడవదు. కొంగల అరుపు వినిపిస్తుంది గానీ కనిపించవు. తొందరపడి పడవ లోపలికి తోయించవద్దు. మంచు విడిచాక అవే అంచున మేతకు వస్తాయి.

ఎనిమిదో రోజు, అకగేరా

తెల్లవారుజామున నాలుగున్నరకు కిగాలి వదిలితే ఏడింటికి దక్షిణ గేటు. 1934లో ఏర్పడ్డ ఈ పార్కును 2010 నుంచి ఆఫ్రికన్ పార్క్స్ సంస్థ ప్రభుత్వంతో కలిసి నడుపుతోంది. 2015లో సింహాలు తిరిగి వచ్చాయి, కాబట్టి ఇక్కడ మ్బురోలో లాగా బండి దిగి నడవడం లేదు. దక్షిణాన పొదలు, మధ్యలో సరస్సుల వెంట పాపిరస్, ఉత్తరాన కిలాలా మైదానం. ఒక చివర నుంచి రెండో చివరకు పూర్తి రోజు ప్రయాణం. నీళ్ళు, భోజనం వెంట ఉండాలి, ఉత్తర గేటు నుంచి బయటపడేలా లెక్క వేసుకోవాలి.

మైదానంలో గుంపు కనిపిస్తే ముందు మొత్తం లెక్క, తర్వాత పిల్లల లెక్క, ఆ తర్వాత కాళ్ళు చూడండి. ఇక్కడ విడిచిన పక్షుల కాళ్ళకు రంగు బ్యాండ్లు ఉంటాయి. ఏ కాలు, మోకాలికి పైనా కిందా, రంగులు పై నుంచి కిందికి ఏ వరుసలో ఉన్నాయి, పక్కన జోడీ ఉందా, జోడీకి బ్యాండ్ ఉందా, వెంట పిల్ల నడుస్తోందా అన్నవి సమయంతో సహా రాయండి. గడ్డి అడ్డం వచ్చి బ్యాండ్ సగమే కనబడితే ఊహించి పూర్తి చేయవద్దు, కనబడిన రంగే రాసి మిగతాది ఖాళీగా వదలండి. బండి ఆపి ఆగితే పక్షి మేస్తూ మేస్తూ గట్టు ఎక్కుతుంది, అప్పుడు కాళ్ళు రెండూ బయటపడతాయి. ఆ కాగితాన్ని కిగాలిలో ఉముసాంబి విలేజ్ కౌంటర్‌లో ఇచ్చి వెళ్ళండి.